మోసేవారిలోంచే నాయకుడు

అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అంటుంది మన సామెత. పాత కంప్యూటర్ ఆటలను కొత్త యంత్రాల మీద ఆడించడానికి పనిచేసే వాలంటీర్ ప్రాజెక్టుల చరిత్ర చూస్తే ఈ సామెత తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ మోసేవారు దొరుకుతారు. ఒకరు బగ్ సరిచేస్తారు, ఒకరు శబ్దం సరిగా వస్తోందో లేదో చూస్తారు, ఒకరు అమిగా కంప్యూటర్ కోసం ప్యాకేజీ కట్టి పెడతారు. దొరకనిది అందలం ఎక్కే మనిషే. ఆ అందలంలో మెత్తటి పరుపేమీ ఉండదు. జీతం లేదు. రిలీజ్ తేదీ తప్పితే మాట పడాలి, ఇద్దరు ప్రోగ్రామర్లు తగవు పడితే తీర్పు చెప్పాలి, సర్వర్ ఆగిపోతే ఎంత రాత్రయినా లేచి చూడాలి. అందుకే ఉన్న నాయకుడు తప్పుకోగానే ప్రాజెక్టు ‘ఇప్పుడెవరు?’ అన్న ప్రశ్న దగ్గర చతికిలబడుతుంది. ఇలాంటి ప్రాజెక్టులు కొన్ని ఎలా బతికాయో పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. నాయకుడు వెళ్ళిపోయాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. నాయకుడు ఉండగానే పనిని చిన్న చిన్న బాధ్యతలుగా పంచి, తాళంచెవులు నలుగురి చేతుల్లో పెట్టిన చోట వారసుడు అప్పటికే పనిలో ఉంటాడు. నాయకుణ్ణి ఎక్కడినుంచో తెచ్చుకోలేం, పనిలోనే తయారు చేసుకోవాలి.

ఈ మాటకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం స్కమ్‌వీఎం. దాని కథ 1987లో మొదలవుతుంది. ఆ ఏడాది లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ ‘మేనియాక్ మ్యాన్షన్’ అనే ఆటను విడుదల చేసింది. దానికోసం రాన్ గిల్బర్ట్, ఆరిక్ విల్మండర్ ‘స్కమ్’ అనే స్క్రిప్టు వ్యవస్థను తయారు చేశారు. ఏ పాత్ర ఎక్కడికి నడవాలి, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి అన్నదంతా స్క్రిప్టులో ఉంటుంది. ఆ స్క్రిప్టును చదివి అమలుచేసే ఇంటర్‌ప్రెటర్ మాత్రమే ఒక్కో కంప్యూటర్‌కు విడిగా రాసుకోవాలి. ఆ పద్ధతి వల్లనే తరవాత పదేళ్ళలో వచ్చిన ‘మంకీ ఐలాండ్’ వంటి ఆటలు రకరకాల యంత్రాలకు వెళ్ళగలిగాయి. డాస్ యుగం ముగిసి కొత్త విండోస్ వచ్చాక ఆ ఆటల డిస్కులు ఇళ్ళలోనే ఉన్నా వాటిని నడిపే యంత్రం పోయింది. స్వీడన్‌కు చెందిన లుడ్విగ్ స్ట్రిగ్యూస్ ఆ ఇంటర్‌ప్రెటర్‌ను కొత్తగా రాసి 2001 అక్టోబరు 9న విడుదల చేశారు. అదే దారిలో విడిగా ప్రయత్నిస్తున్న విన్సెంట్ హామ్ ఆయనతో చేతులు కలిపారు. స్కమ్‌వీఎం పుట్టుక ఇది. ఇద్దరు మనుషులు, ఒకే రకం ఆటలు, పైన కంపెనీ అంటూ ఏదీ లేదు.

ఇద్దరితో మొదలైన పని పదుల మందికి ఎలా పాకిందో తెలియాలంటే కోడ్‌ను కొంచెం దగ్గరగా చూడాలి. స్కమ్‌వీఎంలో ‘ఓసిస్టమ్’ అని ఒక క్లాస్ ఉంది. ఆట నడిపే ఇంజన్ యంత్రంతో నేరుగా మాట్లాడదు, ఓసిస్టమ్‌ను అడుగుతుంది. అడిగేవి చాలా సాదా కోరికలు: ఈ బొమ్మ ముక్కను తెర మీద ఇక్కడ వెయ్యి, తెరను తాజా చెయ్యి, మొదలుపెట్టి ఎన్ని మిల్లీసెకన్లు అయిందో చెప్పు, కాసేపు ఆగు, ఎవరైనా మీట నొక్కారేమో చూడు. ఈ కోరికలు తీర్చగలిగితే ఆ యంత్రం మీద ఆట ఆడుతుంది. డ్రీమ్‌కాస్ట్ అనే ఆటల యంత్రం చేతిలో ఉన్న మనిషి ఇంజన్ లోపల ఏముందో పూర్తిగా చదవక్కర్లేదు, తన యంత్రం తరఫున ఈ ప్రశ్నలకు జవాబులు రాస్తే చాలు. ఒక యంత్రానికి ఇలా తెచ్చిన రూపాన్ని పోర్టు అంటారు. పామ్ ఓఎస్, సింబియన్, నింటెండో డీఎస్, పీఎస్‌పీ పోర్టులన్నీ ఇలాగే వచ్చాయి. ఒక్కో పోర్టుకు బాధ్యుడంటూ ఒకరు ఉంటారు. ఇంజనీరింగ్ భాషలో దీన్ని మంచి అమరిక అంటారు. మనుషుల దృష్టిలో చూస్తే ఇది నాయకుల శిక్షణశాల. చిన్న పోర్టు చూసుకునే మనిషి బగ్ రిపోర్టుకు ఓపికగా జవాబు చెప్పడం, రిలీజ్ గడువుకు తన భాగం సిద్ధం చేయడం, ఇతరుల మార్పు తన పోర్టును పాడుచేస్తే గొడవ పెట్టుకోకుండా సర్దుకోవడం నేర్చుకుంటాడు. రేపు ప్రాజెక్టు మొత్తాన్ని మోయడానికి కావలసిన గుణాలు ఇవే.

ఆ తరవాత జరిగింది చూడండి. స్ట్రిగ్యూస్ మొదటి ఊపు ఇచ్చి కొద్ది కాలంలోనే పక్కకు తప్పుకున్నారు. పగ్గాలు జేమ్స్ బ్రౌన్, మాక్స్ హార్న్ చేతికి వచ్చాయి. తరవాత యూజీన్ సాండులెంకో వారితో కలిశారు, చివరికి ఆయనే నాయకుడయ్యారు. హార్న్ పేరు మ్యాక్ పోర్టు చేసినవారి జాబితాలో ఉంటుంది. సాండులెంకో పేరు అనేక ఇంజన్ల జాబితాల్లో కనిపిస్తుంది. వీరు బయటినుంచి వచ్చి పీఠం ఎక్కినవారు కారు, అప్పటికే ఏదో ఒక మూల బరువు మోస్తున్నవారు. నాయకత్వం ఇలా కొనసాగడం వల్ల వచ్చిన ఫలితం కూడా చిన్నది కాదు. 2003లో బ్రిటన్‌లోని రివల్యూషన్ సాఫ్ట్‌వేర్ తన 1994 నాటి ఆట ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ సోర్స్ కోడ్‌ను ఈ బృందానికి ఇచ్చి, ఆటను అందరికీ ఉచితం చేసింది. హక్కులున్న కంపెనీ తన సరుకును ఎవరో ముక్కూముఖం తెలియని వాలంటీర్లకు అప్పగించాలంటే, ఆ గుంపు రేపు కూడా ఉంటుందన్న నమ్మకం కావాలి. బ్రౌన్ అదే ఏడాది ‘గ్రిమ్ ఫాండాంగో’ ఆట కోసం రెసిడ్యువల్ అనే వేరే ప్రాజెక్టు మొదలుపెట్టారు. అది కూడా చేతులు మారుతూ బతికి, 2020లో తిరిగి స్కమ్‌వీఎంలోనే కలిసింది. 2021 అక్టోబరు 9న, సరిగ్గా ఇరవయ్యో పుట్టినరోజున 2.5.0 విడుదలైంది. ఆరంభించిన ఇద్దరూ పనిలో లేని ప్రాజెక్టు ఇరవై ఏళ్ళు నిండించుకుంది.

ఇది ఒక్కసారి కలిసొచ్చిన అదృష్టం అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే స్ట్రిగ్యూస్ విషయంలోనే రెండోసారీ జరిగింది. క్రిస్ సాయర్ అసెంబ్లీ భాషలో రాసిన ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్’ 1995లో వచ్చింది. అసెంబ్లీ అంటే ఒక్క రకం ప్రాసెసర్‌కే అర్థమయ్యే భాష, అందుకే ఆ ఆటను మరో యంత్రానికి తరలించడం చాలా కష్టం. స్ట్రిగ్యూస్ ఆ ఆటను విడదీసి, అందులోని తర్కాన్ని సీ భాషలోకి తెచ్చి, 2004 మార్చిలో ఓపెన్‌టీటీడీ పేరుతో బయటపెట్టారు. మళ్ళీ కొంతకాలానికే తప్పుకున్నారు. తరవాత మ్యూటోరెంట్ రాశారు, స్పాటిఫై తొలినాటి ఇంజనీర్లలో ఒకరయ్యారు. ఓపెన్‌టీటీడీ డెవలపర్ల జాబితాలో ఒక చిన్న వివరం దాగి ఉంది. అందులో ప్రతి డెవలపర్ పేరు పక్కన ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా పనిచేశారో రాస్తారు. స్థాపకుడి పేరు పక్కన 0.1 నుంచి 0.3.3 అని ఉంటుంది. ఆయన తరవాతి ప్రధాన కోడర్ పేరు పక్కన 0.3 నుంచి 0.5 అని ఉంటుంది. రెండు అంకెలూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. పాత చెయ్యి వదలకముందే కొత్త చెయ్యి పట్టుకుంది. ఆ బృందం క్రమంగా అసలు ఆట బొమ్మలు, శబ్దాల అవసరం కూడా లేకుండా సొంతంగా ఉచిత సామగ్రి తయారు చేసుకుని, 2010 ఏప్రిల్ 1న 1.0.0 విడుదల చేసింది. ఆరంభించడం ఒక విద్య, నడపడం మరో విద్య. ఒకే మనిషిలో రెండూ ఉండి తీరాలన్న నియమం లేదు, ఉండనవసరమూ లేదు.

‘డూమ్’ ఆటది దీనికి భిన్నమైన దారి. 1997 డిసెంబరు 23న ఆ ఆట ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ డూమ్ సోర్స్ కోడ్‌ను లోకానికి వదిలేశారు. దాన్ని నడిపించే బృందాన్నిగానీ నాయకుణ్ణిగానీ ఎవరినీ నియమించలేదు. ఆ కోడ్‌లో కూడా యంత్రంతో మాట్లాడే ఫైళ్ళన్నిటి పేర్లూ ఐ అక్షరంతో మొదలవుతాయి: తెరకు ఒకటి, శబ్దానికి ఒకటి, నెట్‌వర్క్‌కు ఒకటి. డాస్ వెర్షన్‌లో శబ్దానికి వాడిన లైబ్రరీ వేరొకరి సొత్తు కావడంతో లైనక్స్ వెర్షన్ కోడ్‌నే విడుదల చేయవలసి వచ్చింది. అంటే మొదటి రోజునుంచే పోర్ట్ చేయడం తప్పనిసరి. నాయకుడు లేని ఆ ఖాళీలో బూమ్, పీఆర్‌బూమ్, జెడ్‌డూమ్ అంటూ పాయలు పాయలుగా ప్రాజెక్టులు పుట్టాయి. 1998లో మొదలైన జెడ్‌డూమ్‌ను 2017లో దాని రూపకర్త ముగించినప్పుడు వాడుకరులు రోడ్డున పడలేదు. దాన్ని ఆధారం చేసుకుని క్రిస్టోఫ్ ఓల్కర్స్ అప్పటికే ఏళ్ళ తరబడి నడుపుతున్న జీజెడ్‌డూమ్ సిద్ధంగా ఉంది. 2025లో ఆ జీజెడ్‌డూమ్‌లోనే విభేదాలు వచ్చాయి. కృత్రిమ మేధ రాసిన కోడ్ చేర్చడంపై, నిర్ణయాలు తీసుకునే తీరుపై అభ్యంతరం చెప్పిన డెవలపర్లు విడిపోయి యూజెడ్‌డూమ్ మొదలుపెట్టారు. ఓపెన్ సోర్స్‌లో పెత్తనానికి హద్దు ఇదే. నాయకుడి మాట నచ్చకపోతే కోడ్ కాపీ తీసుకుని వెళ్ళే హక్కు అందరికీ ఉంది. వెళ్ళిపోగలిగిన మనుషులను నిలుపుకోవలసినవాడే అక్కడ నాయకుడు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది బలమైనదే: గొప్ప సాఫ్ట్‌వేర్ ఒక్కరి దృష్టిలోంచి పుడుతుంది, పదిమంది చేతిలో పడితే కలగాపులగమవుతుంది, కాబట్టి స్థాపకుడంతటి ప్రతిభావంతుడు దొరికేదాకా ఆగాలి అని. కొత్త ఆటను సృష్టించే పనికి ఈ వాదన సరిపోవచ్చు. పోర్టింగ్‌కు సరిపోదు. పోర్టింగ్‌లో దృష్టి ముందే ఉంది, దాన్ని అసలు ఆట రాసినవారు ఎప్పుడో తేల్చేశారు. పాత యంత్రంలో పాత్ర ఎంత వేగంగా నడిచింది, సంగీతం ఎక్కడ మారింది, తలుపు ఎప్పుడు తెరుచుకుంది అన్నదే గీటురాయి. ఒక మార్పు మంచిదా కాదా అని తేల్చడానికి మేధావి అక్కర్లేదు. అసలు ఆటను పక్కన పెట్టుకుని పోల్చి చూసే ఓపిక ఉన్నవారు చాలు. కొలబద్ద బయటే ఉంది కాబట్టి పోర్టింగ్ ప్రాజెక్టులో నాయకత్వం చేతులు మారడం మిగతా కళల్లోకంటే తేలిక. దర్శకుడు మారితే సినిమా మారుతుంది, పోర్టింగ్ పెద్ద మారితే ఆట మారకూడదు, మారదు. ప్రతిభ కొరతను సాకుగా చెప్పి వారసుణ్ణి తయారు చేయకపోవడం ఈ రంగంలో చెల్లదు.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. జీతం లేని బాధ్యత ఎన్నాళ్ళు నిలుస్తుంది, కంపెనీకి అప్పగిస్తే నాయకుడి బాధే ఉండదు కదా అంటారు. ఈ దారినీ చరిత్ర పరీక్షించింది. 1998లో అమెరికాలో లోకీ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ పుట్టింది. పెద్ద ఆటలను లైనక్స్‌కు పోర్ట్ చేసి అమ్మడమే దాని వ్యాపారం. ‘సివిలైజేషన్: కాల్ టు పవర్’తో మొదలుపెట్టి మంచి పోర్టులు చేసింది, 2002 జనవరిలో మూతపడింది. దానితోపాటే ఆ దుకాణం, ఆ జీతాలు, ఆ పదవులు పోయాయి. పోనిది ఒకటే: సామ్ లాంటింగా 1998లో మొదలుపెట్టి, ఆ సంస్థలో ఉండగా కూడా పెంచిన ఎస్‌డీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. తెర, శబ్దం, మీటల సంగతి ఏ యంత్రం మీదనైనా ఒకే తీరున చూసుకునే సాధనం అది. లాంటింగా తరవాత బ్లిజర్డ్‌కు వెళ్ళారు, వాల్వ్‌కు వెళ్ళారు, ఎస్‌డీఎల్ ఆయనతోపాటు నడిచింది. లోకీలో పనిచేసిన ర్యాన్ గోర్డన్ కూడా దాని భారం పంచుకున్నారు. డబ్బు అక్కర్లేదని నా వాదన కాదు. జీతం దొరికితే పని వేగంగా సాగుతుంది, ఆ కృషికి గౌరవమూ దక్కుతుంది. కానీ కంపెనీ ఇచ్చే పదవి కంపెనీతోనే పోతుంది, పనివల్ల వచ్చిన బాధ్యత మనిషితో నిలుస్తుంది.

మూడోది ఎన్నికల మాట. లైనక్స్ ఆధారిత వ్యవస్థను తయారు చేసే డెబియన్ ప్రాజెక్టు తన నాయకుణ్ణి ఏటా ఓటుతో ఎన్నుకుంటుంది, 1998లో రాజ్యాంగం కూడా రాసుకుంది, ఆట పోర్టులకూ అదే మేలు కదా అని అడగవచ్చు. డెబియన్‌కు అది మేలే. అక్కడ సభ్యులెవరో నిర్ణయించే పద్ధతి ఉంది, ఓటర్ల జాబితా ఉంది, వందల సంఖ్యలో ఓటర్లున్నారు. పదిహేను ఇరవై మంది పనిచేసే చోట ఓటు వేసి గెలిచినవారిని ఒకవైపు, ఓడినవారిని మరోవైపు నిలబెడితే మిగిలేది సగం బృందమే. పైగా డెబియన్ ఎన్నికకు కూడా ఎవరో ఒకరు అభ్యర్థిగా ముందుకు రావాలి. ఓటు ఉన్నవారిలో ఒకరిని ఎంచుతుందేగానీ లేని నాయకుణ్ణి పుట్టించదు. ఈ సంగతి తెలిసే కాబోలు, ఆర్కేడ్ ఆటలను కాపాడే మేమ్ ప్రాజెక్టు ‘సమన్వయకర్త’ అన్న మాట వాడుకుంది. 1997లో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన ఆ పని చాలామంది చేతులు మారింది. 2005 నుంచి 2011 దాకా ఏరన్ గైల్స్, తరవాత ఏంజెలో సాలెసే, 2012లో మియోడ్రాగ్ మిలనోవిచ్ దాన్ని అందుకున్నారు. పేరు చిన్నదైతే పీఠం చిన్నదవుతుంది, దిగడానికీ ఎక్కడానికీ జంకు తగ్గుతుంది.

నాలుగో అభ్యంతరాన్ని అన్నిటికంటే తీవ్రంగా తీసుకోవాలి. సాయం చేస్తానని వచ్చినవాడికి తాళంచెవి ఇస్తే, వాడు దొంగ అయితే? 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ విషయంలో ఇది ఊహ కాదని తేలింది. ఎక్స్‌జెడ్ అనేది ఆటలకు సంబంధించింది కాదు, ఫైళ్ళను కుదించే చిన్న సాధనం, లైనక్స్ కంప్యూటర్లలో విస్తారంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని ఒక్కరే చూసుకుంటూ అలసిపోయారు. ‘జియా టాన్’ పేరుతో ఒకరు ఓపికగా ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించారు. కొత్త మెయింటైనర్‌ను చేర్చుకోమని మరికొందరు ఒత్తిడి తెచ్చారు. చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఒకటి చేరింది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అరసెకను అదనంగా పడుతోందని గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నారు. దీన్నిబట్టి ఎవరికీ ఏమీ అప్పగించకూడదు అనేవారున్నారు. నాకు దీనిలో కనిపించే పాఠం వేరు. అక్కడ ప్రమాదం తలుపు తెరిచి ఉండడంవల్ల రాలేదు, ఇంట్లో ఒక్కరే ఉండడంవల్ల వచ్చింది. ఇద్దరు ముగ్గురు పాతకాపులు ప్రతి మార్పునూ చదువుతూ ఉంటే కొత్తవాడి చేతికి అంత అధికారం ఒంటరిగా దక్కేది కాదు. అలసిపోయిన మనిషి మంచి వారసుణ్ణి ఎంచలేడు, దొరికినవాడికి అప్పగించి ఊపిరి పీల్చుకుంటాడు. వారసుడి సంగతి బలం ఉన్నప్పుడే చూడాలనడానికి ఇంతకంటే గట్టి రుజువు లేదు.

అప్పగించడం అంటే ‘ఇకనుంచి నువ్వే’ అని ఒక మాట అనడం కూడా కాదు. అప్పగించవలసిన వస్తువులు ఉంటాయి: వెబ్‌సైట్ పేరు ఎవరి ఖాతాలో ఉంది, సర్వర్ అద్దె ఎవరు కడుతున్నారు, కోడ్ భాండాగారంలో మార్పులు ఆమోదించే హక్కు ఎవరికుంది, రిలీజ్ తయారు చేసే మెట్లు ఎక్కడ రాసి ఉన్నాయి, పాత తగాదాల్లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు. స్కమ్‌వీఎం కోడ్, మార్పులను భద్రపరిచే సాధనాల్లో సీవీఎస్ నుంచి సబ్‌వెర్షన్‌కు, అక్కడినుంచి 2011లో గిట్‌కు మారినా మార్పుల చరిత్రను వెంట తీసుకువెళ్ళింది. అందుకే కొత్తగా వచ్చినవారు పాతవారిని అడగకుండానే పూర్వాపరాలు తెలుసుకోగలరు. 2007 నుంచి ఆ ప్రాజెక్టు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం ద్వారా విద్యార్థులను చేర్చుకుని, పాత డెవలపర్ల పక్కన కూర్చోబెట్టి పని నేర్పుతోంది. ఎరిక్ రేమండ్ 1997లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఒక ప్రోగ్రామ్ మీద ఆసక్తి పోయినవారి ఆఖరి ధర్మం సమర్థుడికి దాన్ని అప్పగించడమేనన్నారు. ఆయన స్వయంగా ఒక ప్రోగ్రామ్‌ను అలా అందుకున్నవారే. ఒక సవరణ చేయాలి: ఆ ధర్మాన్ని ఆఖరిదిగా ఉంచుకోకూడదు. మొదటి రిలీజ్ రోజునుంచే అది నాయకుడి పనుల్లో ఒకటి కావాలి.

తెలుగులో కూడా ఫాంట్లు, అనువాదాలు, నిఘంటువులు, పాత పుస్తకాల డిజిటల్ ప్రతులు ఇలాంటి వాలంటీర్ల చేతుల మీదుగానే నడుస్తున్నాయి. వీటిలో దేన్నైనా నడుపుతున్నవారు ఈ ఆటల చరిత్రనుంచి తీసుకోవలసింది ఒక్కటే. అలసట రాకముందే ఒక చిన్న బాధ్యతను పూర్తిగా మరొకరికి ఇవ్వండి, రెండో తాళంచెవి చేయించండి, రిలీజ్ చేసే పద్ధతిని కాగితం మీద పెట్టండి. పని నేర్చుకుంటున్న యువతీయువకులు నాయకత్వం కోసం ఎదురుచూడకుండా ఎవరూ పట్టించుకోని ఒక పోర్టునో, ఒక ఫైలునో తమదిగా చూసుకోవాలి. ఇరవై ఏళ్ళు దాటిన స్కమ్‌వీఎం పగ్గాలు అందుకున్నవారు ఒకప్పుడు చేసింది ఆ పనే.